కాలువ గట్టు పొన్నగంటి

జూలై 3

ఏడు పాయింట్ ఎనిమిది.

సురేఖ ఆ కాగితం నా చేతికి ఇవ్వలేదు. టీవీ పక్కన పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. వేలూరు ల్యాబులో రోజంతా ముక్కూ మొహం తెలియని వాళ్ళ రక్తం తీసే మనిషి, సొంత కూతురి రక్తం సంగతి మొగుడినైన నాకు నోటితో చెప్పలేకపోయింది. నేనే తీసి చదివాను. హిమోగ్లోబిన్ పన్నెండుకు తగ్గకూడదట.

శృతి మెట్లెక్కుతూ ఆయాసం అంటే బద్ధకమన్నాను. పోయిన వారం బడి ప్రార్థనలో కూలబడితే, పొద్దున తినకుండా పరుగెత్తినందుకని తిట్టాను. పదమూడేళ్ళ పిల్ల.

డాక్టరమ్మ ఇనుము మాత్రలు రాసింది. తిండి బాగా చూసుకోమంది. రెండు నెలలయ్యాక మళ్ళీ పరీక్ష. మాత్ర వేసుకున్న కాసేపటికే శృతి అంతా కక్కేసింది.

ఏప్రిల్‌లో ఆంబూరులో నేను పనిచేసే బూట్ల ఫ్యాక్టరీ మూతపడినప్పటి నుంచి వంట నాది. సురేఖ ఆరు గంటల బస్సుకు వెళితే చీకటి పడ్డాకే రాక. అంటే ఇన్నాళ్ళుగా ఆ పిల్ల కడుపులోకి వెళ్ళిందంతా నా చేతి తిండే.

సురేఖ ఆ మాట అనలేదు. అనకపోవడమే బాగాలేదు.

జూలై 4

చిత్తూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నందుకు నాకు తెలుగు లిపి వచ్చింది. తమిళనాడులో ఉన్న మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గాని చదవడం ఒక్కరికీ రాదు. ఇక్కడ ఏం రాసుకున్నా పరవాలేదు.

రోజంతా ఫోన్లు. దానిమ్మ పెట్టమని ఒకరు, ఖర్జూరమని ఒకరు, బాదం నానబెట్టి పాలతో ఇమ్మని సురేఖ వాళ్ళ అక్క. అందరికీ సరే అన్నాను. మా ఇంట్లోకి వచ్చేది ఇప్పుడు సురేఖ జీతం ఒక్కటే. అందులోంచి అద్దె, అమ్మ చక్కెర జబ్బు మందులు, బస్సు పోగా మిగిలేదాంట్లో దానిమ్మ ఎక్కడ ఇముడుతుందో వాళ్ళెవరూ చెప్పలేదు.

అమ్మ మాత్రం ఏమీ కొనమనలేదు. ఉప్పూ మిరపకాయలూ తీసుకుని శృతి చుట్టూ తిప్పింది.

"రక్తం కొలిచే మిషను లేనప్పుడు మేము బతకలేదా? దిష్టి రా నాయనా. ఎవుతో చూసిన కండ్లు మంచివి గాదు."

శృతి తుమ్మింది. అమ్మ అదే రుజువంది.

జూలై 6

ఏమున్నాయో చూసుకున్నాను. రేషన్ బియ్యం, రేషన్ కందిపప్పు, పామాయిలు. మా సొంత ఊరు పరదరామి నుంచి చిన్నాయన పంపిన రాగులు సగం మూట. ఉలవలు. వేరుశనగ కాయలు. కరవు ఇల్లేమీ కాదు. వాడడం తెలియాలి, అంతే.

సురేఖ ఆదివారం పూట కూర్చోబెట్టి చెప్పింది. తిండి తిన్నాక టీ తాగితే అందులోని ఇనుము ఒంటికి పట్టదట. నిమ్మకాయ పిండితే పడుతుందట. ఆకుకూర రోజూ, గుడ్డు రోజూ, వారానికొకసారి లివరు. నేను తల ఊపాను. చదువుకునే రోజుల్లో కూడా ఇంత శ్రద్ధగా వినలేదు.

టీ సంగతి అమ్మకు చెప్పడమే కష్టమైంది.

"పిల్లకు పోస్తే తప్పు. నాకు పోసుకుంటే ఏమి? నా రక్తం ఎవురు కొలుస్తారు?"

పోసుకుంది. శృతి గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. ఇద్దరూ ఒకే గ్లాసులో తాగుతారని నాకు ఇప్పుడు తెలిసింది.

జూలై 8

రాగి సంకటి, ఉలవచారు, తోటకూర వేపుడు, గుడ్డు. శృతి గుడ్డు తిని, మిగతాది కెలికింది.

రోజూ ఆకుకూర రెండు కట్టలు కొంటే గుడ్లకు చాలడం లేదు. గుడ్లు కొంటే ఆకు తగ్గించాలి. ఎటు లాగినా దుప్పటి పొట్టే.

జూలై 9

దొరికింది!

పొద్దున నడకకని ఊరి బయట కొబ్బరితోపుల దాకా వెళ్ళాను. తోపుల వెనక కాలువ గట్టంతా పొన్నగంటి. నిలువెల్లా నిగనిగలాడుతోంది. ఒక్కో ఆకు నా బొటనవేలంత. చిన్నప్పుడు పరదరామిలో మా మడిగట్టు మీద కూడా ఇంత ఏపుగా చూడలేదు. కంటికి మంచిది, రక్తానికి మంచిది అని మా అవ్వ నూరిపోసిన ఆకు. ఎవరూ కోయడం లేదు. టౌనువాళ్ళకు ఆకు గుర్తులు తెలియవు, కట్ట కట్టి పెడితేనే కూర అనుకుంటారు.

సంచి నిండా కోశాను. నీళ్ళు తేటగానే ఉన్నాయి. మలుపు దగ్గర కొంచెం నురుగు. పైన ఎవరో బట్టలుతుకుతున్నట్టున్నారు.

ఇక ఆకు డబ్బు గుడ్లకు.

జూలై 10

పెసరపప్పుతో పొన్నగంటి. అమ్మ రెండుసార్లు పెట్టించుకుంది. "మా అమ్మ చేసినట్టే ఉండాది రా," అంది. సురేఖ డబ్బాలో పెట్టుకుపోయి, ల్యాబులో అందరూ అడిగారని చెప్పింది. చాలా రోజుల తరువాత నాతో నవ్వుతూ మాట్లాడింది.

జూలై 13

ఆదివారం. వీధి చివర మునుస్వామి కోళ్ళ అంగట్లో లివరు తెచ్చాను. మాంసం కన్నా చాలా చవక. మిరియాలు వేసి చేశాను. పక్కన పొన్నగంటి వేపుడు. శృతి బుగ్గలు ఎర్రబడ్డాయనిపించింది. సురేఖను అడిగితే, "వారానికే రక్తం వచ్చేస్తాదా? ఎండకు తిరిగొచ్చింది, అంతే," అంది.

నాకైతే ఎర్రబడ్డట్టే ఉంది.

జూలై 15

కాలువ దగ్గర వాసన. పొద్దున గాలి అటునుంచి వీచినప్పుడు తెలిసింది. కొత్త వాసనేమీ కాదు. ఫ్యాక్టరీలో చేరకముందు తొమ్మిదేళ్ళు టానరీలో పనిచేశాను, పచ్చి తోళ్ళు సున్నంలోంచి తీసే చోట. ఆ వాసన చొక్కాలకే కాదు, మనిషికే పడుతుంది. నా ముక్కులో మిగిలిపోయిందే అయి ఉండాలి.

ఎగువన ఉన్న టానరీ షెడ్లు ఎప్పుడో మూసేశారు. మూసేశారనే విన్నాను.

ఆకును రెండుసార్లు కాదు, నాలుగుసార్లు కడుగుతున్నాను. ఉప్పు నీళ్ళలో కూడా వేస్తున్నాను.

జూలై 18

తమిళుల ఆడి నెల శుక్రవారం. అమ్మవారి గుడి దగ్గర రాగి అంబలి పోస్తుంటే అమ్మ శృతిని తీసుకెళ్ళింది. నేను వెనకాల వెళ్ళేసరికి శృతి తోటి పిల్లలతో మెట్ల మీద కూర్చుని చిన్న ఇత్తడి సొంబు ఎత్తి తాగుతోంది. పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటోంది. రెండో సొంబు కూడా అడిగి పోయించుకుంది.

అదే రాగి. అదే పిల్ల. నా దగ్గర పావు ముద్ద దిగదు.

నన్ను చూడగానే సొంబు కింద పెట్టేసింది.

జూలై 19

శృతి: "అప్పా, నేనేమన్నా మేకనా? రోజూ ఆకేనా?"

నవ్వాల్సింది. కంచం తోసెయ్యకుండా తినమని అరిచాను. ఆమె తినేదాకా పక్కనే నిలబడ్డాను. ప్రతి ముద్దకూ నా మొహం చూసి మింగింది.

సురేఖ వచ్చాక అమ్మ చెప్పినట్టుంది. "పిల్ల కాడ అట్ల పోలీసు మాదిరి నిలబడితే అన్నం యాడ దిగుతాది?" అంది సురేఖ. నీకేం తెలుసు, నువ్వు ఇంట్లో ఉంటావా అన్నాను.

అనకూడనిది. ఆమె ఇంట్లో ఉండనిది ఎందుకో నాకు తెలియదా.

జూలై 21

మారియప్పన్ వచ్చాడు. ఫ్యాక్టరీలో నా పక్క టేబులు మీద తోలు కత్తిరించేవాడు. ఇప్పుడు మోపెడ్ మీద కూరగాయలు వేసుకుని వీధులు తిరుగుతున్నాడు. వారం పది రోజులుగా నేను ఆకు కొనడం లేదని పలకరించడానికి ఆగాడు. అరుగు మీద జల్లెడలో ఆరబెట్టిన పొన్నగంటి చూశాడు. ఒక కాడ తీసి తిప్పి చూశాడు.

"యాడిదన్నా ఈ కీరై?"

"పరదరామి నుంచి మా చిన్నాయన పంపినాడు," అన్నాను.

ఎందుకు అలా అన్నానో తెలియదు. అడిగిన తీరు నచ్చలేదు.

"సరి సరి. ఆ తోపుల ఎనక కాలవదేమో అనుకొంటిని. అది మాత్రం వద్దన్నా. ఆ నీళ్ళు నల్లదు కాదు. మేకలు గూడా నోరు పెట్టవు ఆడ."

నల్లదు కాదు అంటే మంచిది కాదని. వాడు తెలుగు మాట్లాడినా, కోపం వస్తే తమిళమే వస్తుంది.

వాడు వెళ్ళాక ఆ ఆకే వండాను. కోసేసింది పారేస్తే ఎలా?

జూలై 22

కాలువకు వెళ్ళలేదు. రెండు కట్టలు కొన్నాను, మారియప్పన్ దగ్గర కాదు, బజారులో. గుడ్డు శృతికి ఒక్కదానికే వచ్చింది. సగం కోసి అవ్వకు పెట్టింది. తినమంటే, "అవ్వకు రక్తం వద్దా?" అంది.

జూలై 24

రాత్రంతా వాన. ఇంత వానకు కాలువ మొత్తం కడుక్కుపోయి ఉంటుంది. ఆకు మీద దుమ్ము కూడా లేదు. అద్దంలా ఉంది. కోశాను.

మారియప్పన్ ఆకు అమ్ముకునేవాడు. ఊరికే దొరికేదాన్ని మంచిదని ఎందుకు అంటాడు?

జూలై 27

ఆదివారం. లివరు, పొన్నగంటి పప్పు, నిమ్మకాయ. అందరూ తిన్నారు. ఇలాగే నడిస్తే సెప్టెంబరుకు పది దాటుతుంది.

జూలై 28

శృతికి కడుపునొప్పి. బడి నుంచి మధ్యాహ్నమే పంపేశారు. పరీక్ష ఎగ్గొట్టడానికి అనుకున్నాను.

సాయంత్రం అమ్మకు కూడా విరేచనాలు.

జూలై 29

శృతికి వాంతులు. నీళ్ళు తాగినా నిలవడం లేదు. సురేఖ సెలవు పెట్టింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పడుతూ నన్ను అడిగింది.

"మొన్న ఏమి తినినారు? కొత్తగా ఏమన్నా పెట్టినారా?"

"ఎప్పటిదే."

"లివరు?"

అడిగింది ఆమె. మాట అందించింది ఆమె. నేను చేసిందల్లా ఒప్పుకోవడమే.

"అదే అయ్యుండొచ్చు. ఈసారి కొంచెం వాసనొచ్చింది," అన్నాను.

వాసన రాలేదు. మునుస్వామి నా ఎదురుగా కోసి ఇచ్చినదే.

సురేఖ చెంచా నా చేతిలో పెట్టి చెప్పులేసుకుంది. వీధి చివర ఆమె గొంతు ఇక్కడిదాకా వినిపించింది. "పాడైంది అమ్మి పిల్లోళ్ళను చంపుతాండావా?" అని. అంగడి ముందు ఎంతమంది ఉన్నారో తెలియదు. తిరిగొచ్చి వగరుస్తూ కూర్చుంది. పాపం, ఆమె ఎవరితోనూ గొడవపడే మనిషి కాదు.

ఇప్పుడు చెప్పినా ఏం లాభం? పిల్లకు తగ్గాక చెబుతాను.

జూలై 30

తగ్గలేదు. కళ్ళు లోపలికి పోయాయి.

ఆగస్టు 1, వేలూరు

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. శృతికి సెలైన్ ఎక్కుతోంది. నిన్న పొద్దున బస్సులో పళ్ళికొండ దాటాక ఆమె తల నా ఒళ్ళో బరువుగా వాలిపోయింది. పిలిస్తే ఊ అనలేదు. సురేఖ లేచి, "అన్నా, ఎక్కడా నిలపొద్దు, పో," అని తమిళంలో డ్రైవరు మీద కేకలు పెట్టింది. బస్సులో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. ఆసుపత్రి గేటు ముందే దించాడు.

రక్తం తీయడానికి ఒక చిన్న వయసు అమ్మాయి వచ్చింది. శృతి నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చింది. సురేఖ చూడలేక, తాను వేరే ల్యాబులో చేస్తానని చెప్పి సూది అడిగి తీసుకుంది. ఒక్కసారిలో తీసింది. సీసా ఆ అమ్మాయికిచ్చి, బయటికి వచ్చి, గోడకు ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుంది.

డ్యూటీ డాక్టరమ్మ వచ్చి ఏం తిన్నారని అడిగింది. కోడి లివరు పాడైంది అని సురేఖ చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూ, ఇంకేమైనా ఉందా, బయటి నీళ్ళు, పచ్చివి, అని నా వైపు చూసింది. లేదన్నాను. ఆమె రాసుకుంది. అలా రాస్తున్నప్పుడు భయం వేసింది. నేను చెప్పినదాన్ని బట్టే కదా మందు ఇస్తారు.

ఆమె రెండో మంచం దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, వెనకాలే వెళ్ళి చెప్పాను. కాలువ అని చెప్పాను. ఎన్ని రోజులని అడిగింది. ఇరవై రోజులుగా అన్నాను. ఎగువన ఏముందని అడిగింది. చెప్పాను.

సురేఖ వెనక నిలబడి ఉందని నాకు తెలియదు.

వరండాలోకి వచ్చాక, "లివరు బాగుండిందా?" అని అడిగింది.

"బాగుండింది."

"నేను ఆయన్ని నడివీధిలో నిలబెట్టి తిడితి."

"ఊఁ."

"ఆ కాలవకాడ ముక్కు మూసుకుని పోతారు జనం. తొమ్మిదేండ్లు ఆ పనే చేస్తిరి గదా మీరు. మీకు తెల్లేదా?"

తెలియదని చెప్పడానికి నోరు తెరిచాను. ఈ పుస్తకంలో చెప్పుకున్నవన్నీ నోటిదాకా వచ్చాయి. వాన కడిగేసిందని, షెడ్లు మూసేశారని, నాలుగుసార్లు కడిగానని.

"తెలిసింది," అన్నాను.

సురేఖ లేచి లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గర ఆగి, "మీరు ఈడనే కూచోండి. లోపలికి రావొద్దు ఇప్పుడు," అంది.

ఇక్కడే కూర్చున్నాను.

ఆగస్టు 2, వేలూరు

వాంతులు ఆగాయి. శృతి ఇడ్లీ అడిగింది.

మల పరీక్షలో కొంకి పురుగుల గుడ్లు కనిపించాయట. మట్టిలోంచి కాలి చర్మం గుండా ఎక్కి, పేగులకు కొక్కెంలా పట్టుకుని రక్తం తాగే పురుగులు. డాక్టరమ్మ అడిగింది: పిల్ల వట్టి కాళ్ళతో మట్టిలో తిరుగుతుందా? తిరుగుతుంది. మా పెరట్లోకి చెప్పులు వేసుకుని వెళ్ళేది ఒక్క సురేఖే. అంటే నేను ఎంత పోసినా అడుగున చిల్లి ఉంది. పురుగులకు మందు ఇచ్చారు. ఇనుము మాత్రలకు బదులు సిరప్పు రాశారు.

మరి ఈ వాంతులు? మురికి నీటి వల్ల వచ్చిందే కావచ్చు, ఆకు వల్లే అని గట్టిగా చెప్పలేం అంది. ఆ కాలువలో ఇంకా ఏమేమి కలుస్తాయో, ఈ ఇరవై రోజుల్లో ఒంట్లోకి ఎంత వెళ్ళిందో అడిగాను. "ఇకమీద తినకండి. ఇప్పటికి అంతే చెప్పగలను."

రక్తం తగ్గడం నా వంట వల్ల కాదని తేలగానే ఒక్క క్షణం గుండె తేలికైపోయింది. లోపల పిల్ల చేతికి సూది కట్టి పడుకుని ఉంటే, బయట నేను సంతోషపడ్డాను. ఆ సంతోషం నాకు నచ్చలేదు. అయినా పడ్డాను.

ఆగస్టు 4

ఇంటికి వచ్చాం. అమ్మకు ఈలోగానే తగ్గిపోయింది. అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"ఆ ఆకు నేనూ తింటి గదరా. రెండుతూర్లు పెట్టించుకొని తింటి. నాకేమన్నా తెలిసిందా? బాగుంటే బాగుంది అంటి," అంది. మళ్ళీ తానే, "మడి అమ్ముకుని టౌనుకొస్తే ఆకుకు గూడా భయపడాల్సొచ్చె," అంది.

పెరటి తలుపు దగ్గర నాలుగు జతల చెప్పులు పెట్టాను.

ఆగస్టు 5

సురేఖ నాలుగు గంటలకే లేచి వంట చేసి వెళ్ళింది. నాతో చెప్పలేదు. మూతలు తీసి చూశాను. ఉప్మా, సాంబారు, అన్నం. పొయ్యి తుడిచేసి ఉంది.

నేను గిన్నెలు కడిగాను.

ఆగస్టు 6

మునుస్వామి అంగడికి వెళ్ళాను.

మూసి ఉన్నప్పుడు వెళ్దామని మొదట అనుకున్నాను. ఇంటికే వెళ్ళి ఒంటరిగా చెప్పొచ్చు. కాని సురేఖ తిట్టింది అందరి ముందు. పొద్దున గిరాకీ వేళకే వెళ్ళాను. గిరాకీ ఏమీ లేదు. ఎప్పుడూ పదిమంది ఉండే చోట ముగ్గురే ఉన్నారు.

నన్ను చూసి మునుస్వామి కత్తి కింద పెట్టాడు.

"పాప ఎట్లుండాది?" అన్నాడు ముందు. తిడితే బాగుండేది.

"బాగుండాదన్నా. నీ లివరు వల్ల కాదు. నేను కాలవకాడ కోసుకొచ్చిన ఆకు వల్ల. మా ఇంట్లో ఆమెకు నేనే అబద్ధం చెప్తిని. నీ సరుకు మంచిది."

గొంతు పెద్దది చేసి చెప్పాను. ముగ్గురూ విన్నారు. అందులో ఒకామె మా పక్కింటావిడ. సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది.

మునుస్వామి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "వారమాయె మీ వీధోళ్ళు సరిగా రాక. నిన్నటి కోళ్ళు ఇంకా అట్లే ఉండాయి చూడు," అని బోను చూపించాడు. "నా పిల్లోళ్ళు గూడా ఇదే తింటారు సామీ. ఆ మాట ఎవురూ అడగలేదు."

"తప్పు నాదే."

"తెలుస్తాంది." కత్తి మళ్ళీ తీసుకున్నాడు. "సరి, జరుగు. ఎనక ఆయమ్మ నిలబడుండాది."

పరవాలేదు అంటాడని ఎదురుచూశానని దారిలో తెలిసింది. అనలేదు. అనాల్సిన పని ఆయనకు లేదు.

ఆగస్టు 7

మారియప్పన్‌కు కూడా చెప్పాను. మోపెడ్ ఇంజను ఆపకుండానే విన్నాడు.

"నాకు అప్పుడే తెలుసన్నా. మీ చిన్నాయన పరదరామిలో ఇప్పుడు మామిడి చెట్లు, రాగులు తప్ప ఏమీ పెట్టలేదని నువ్వే చెప్తివి గదా."

"తెలిసీ ఊరకుంటివే?"

"నువ్వు పెద్దోడివి. మొగం మీదనే అబద్ధమంటే ఎట్ల?" ఇంజను ఆపాడు. "నేనూ తప్పు చేస్తి. సురేఖక్కకు ఒక మాట చెప్పుండాల."

తోటకూర లాంటి సిరికూర కట్ట ఒకటి తీసి ఇచ్చాడు. డబ్బులిచ్చాను. ఇస్తే తీసుకున్నాడు. అది మంచిదైంది.

కట్ట ఇంట్లో పెట్టాను. వండలేదు. సురేఖ చూసి, ఫ్రిజ్‌లో పెట్టింది.

ఆగస్టు 11

సురేఖ బస్సులో నిద్రపోయి వేలూరు పాత బస్టాండు దాటి పోయిందట. ల్యాబుకు ఆలస్యం, మాట పడింది. వచ్చి చెప్పులు విప్పకుండా అరుగు మీద కూర్చుండిపోయింది.

నేను చేస్తానని అడగడానికి నోరు రాలేదు. అడగకపోవడం బద్ధకంలా కనిపిస్తుందేమో. అడిగితే సిగ్గులేనట్టు ఉంటుంది.

ఆగస్టు 12

అన్నం తింటూ శృతి ఉన్నట్టుండి అంది, "అమ్మా, నీ సాంబారు నీళ్ళు."

అమ్మ నవ్వింది. సురేఖ నవ్వలేదు. "మీ అప్పను చెయ్యమను అయితే," అంది, నా వైపు చూడకుండా.

"అప్పా చేస్తాడు. అప్పా, చేస్తావు గదా?"

నీళ్ళు తాగాను.

శృతి పడుకున్నాక సురేఖను అడిగాను, నీకు ఇష్టమేనా అని. పక్క దులుపుతూ చెప్పింది.

"ఇష్టమా? ఇంకెవురుండారు చేసేదానికి? నాకు చేత కావడం లే." దిండు సర్ది, మళ్ళీ, "నాకు కోపం ఆకు మీద గాదు. లేనోళ్ళం, ఊరికే దొరికితే కోస్తాం. అడిగినప్పుడు ఎందుకు చెప్పలే? నేను అడిగితిని గదా. నోరు తెరిచి అడిగితిని."

భయమేసింది అన్నాను. పిల్లకు రక్తం తక్కువైతే నా వల్లే అంటారని భయం, ఊరికే దొరికిన ఆకు చేజారిపోతుందని భయం.

"నాకు లేదా భయం?" అంది. "ఈ ఇంట్లో భయం మీకు ఒక్కరికేనా?"

ఆగస్టు 13

ఎల్లుండి శుక్రవారం, సెలవు, సురేఖ ఇంట్లోనే. ఆ పూట నేను చేస్తానన్నాను. సరే అంది.

ఏం చేయాలో రెండుసార్లు మార్చుకున్నాను. భయం పోలేదు. బజారులో ఆకు చూసినా ఇది ఏ నీళ్ళకు పెరిగిందో అనిపిస్తోంది. అమ్మేవాళ్ళను అడుగుతున్నాను. కొందరు చెబుతారు. కొందరు కొంటే కొను, లేకుంటే పో అంటారు.

ఆగస్టు 15

గుమ్మడికాయ పులుసు, అలసంద గుగ్గిళ్ళు, గుడ్డు, అన్నం. పొద్దున్నే సంతకు వెళ్ళి తెచ్చాను. వంటకు చాలాసేపు పట్టింది. కొత్తగా నేర్చుకుంటున్న వాడిలా ఉప్పు మూడుసార్లు చూశాను.

అందరూ కూర్చున్నారు. శృతి జెండా వందనం నుంచి వచ్చి యూనిఫారంలోనే కూర్చుంది. ఆకలిగా ఉంది, కంచం మీద వేళ్ళతో కొడుతోంది. నేను గరిట తీసేలోపు సురేఖ గిన్నె తన వైపు లాక్కుంది.

"ఈ గుమ్మడికాయ యాడిది?"

"సంతలోది."

"ఎవురి కాడ?"

"పరదరామి రోడ్డు నుంచి వస్తాదే ఒక ముసలామె, నళినమ్మ. వాళ్ళ బావి కింద పండింది. బోరు నీళ్ళు గూడా గాదంట, బావే. అడిగితిని."

"అలసందలు?"

"అంగట్లో. ఎండువి. రాత్రి నానబెడితిని."

"నానబెట్టిన నీళ్ళు?"

"మన కొళాయివి."

అమ్మకు చిరాకు వేసింది. "ఏమే, అన్నం ముందర ఈ కోర్టు ఏంది? పిల్ల ఆకలంటాంది," అంది.

"రోజూ అడుగుతా అత్తా," అంది సురేఖ. గొంతులో కోపం లేదు. నా వైపు తిరిగి, "రోజూ అడుగుతా," అంది మళ్ళీ.

"అడుగు," అన్నాను.

ఆమె కొంచెం అన్నం, కొంచెం పులుసు తన కంచంలో వేసుకుంది. కలిపి ఒక ముద్ద తింది. నిదానంగా నమిలింది. నాలుకతో తెలిసేది ఏమీ ఉండదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా మింగేదాకా ఆగింది.

తరువాత గరిట తీసుకుని శృతికి వడ్డించింది.